ఏడు పాయింట్ రెండు

ఏడు పాయింట్ రెండని
కార్డు మీద ఎర్రపెన్నుతోని రాసిండు
దేవరకొండ దవాఖాన పిలగాడు.
సైదమ్మ ఆ అంకెను అటిటు తిప్పి చూసి
"మొన్న మన పత్తికి గదే రేటు పలికింది గదక్కా,
కింటలుకు ఏడువేల రెండొందలు" అని నవ్వింది.
నాకు నవ్వు రాలే.
ఏడో నెల.
కంటి కింది రెప్ప గుంజి చూస్తే
లోపల తెల్లగ,
పగిలిన పత్తికాయ తీరు.

పోయిన నెల నేనే ఇచ్చొచ్చిన మూడు అట్టలు,
చింతగింజలంత గోలీలు.
రాత్రి బువ్వ తిన్నంక ఒక్కటి,
చాయ్‌తోని మాత్రం ఎయ్యకని చెప్పిన.
తలకాయ ఊపింది.
తలకాయ ఊపుడంటే మా ఊరి ఆడోళ్లకు
గొడుగు పట్టుకున్నట్టు,
మాట తడి మీద పడకుంట.

ఇయ్యాల గూట్ల, పసుపు డబ్బ ఎనక దొరికినయి.
మూడు అట్టలు.
ఒక్కటే గోలి తక్వ.

పదమూడేండ్లసంది ఆశా పని జేస్తున్న,
తిట్లు నాకు నోట్లనే తయారుంటయి.
మొదలుపెట్టిన్నో లేదో
అత్త మణెమ్మ అడ్డమొచ్చింది:
"గోలీలేస్తే కడుపుల పిల్ల లావైతది,
లావైతే కోస్తరు.
నేను ఏడుగురిని గంజి తాగి కన్న."
ఏడుగురిల ఎందరున్నరని నేనడగలే.
ఆమె బొటనవేలు తనంతట తనే
కడమ వేళ్ల మీద లెక్క పెట్టుకుంటపోయి
నాలుగు కాడ ఆగింది.

సైదమ్మ నన్ను మేకల దొడ్డి ఎనకకు తీస్కపోయింది.
గొంతు తగ్గిచ్చి,
"గా ఒక్కటి ఏసిన నాడు, అక్కా,
పొద్దంత కడుపు రాయోలె గట్టిగయ్యింది.
నడి మధ్యాన్నం చేన్ల ఉండంగ తిప్పలు పెట్టింది.
నేనేడికి పోవాలె?
పత్తి నడుములోతు లేదు.
అటు రోడ్డు మీద ట్రాక్టరు, దాని మీద మొగోళ్లు.
గట్టు దాటి తుమ్మల దిక్కు పోయొస్తే అర్ధగంట.
అర్ధగంటంటే మూడు కిలలు,
కిలకు పన్నెండు రూపాలు,
మేస్త్రి మొకం సంగతి ఇగ చెప్పొద్దు.
గోలి మింగనీకి నాకేం బాధ?
మింగినంక పోయే జాగ చూపియ్యి."

ఏ ట్రైనింగుల చెప్పలే నాకు ఈ ముచ్చట.
రిజిస్టర్ల ఒక గడి ఉన్నది,
మాత్రలు వాడుట లేదు, కారణం: అవగాహన లోపం.
ఎన్నిమార్లు టిక్కు పెట్టిన్నో నేను, ఎన్ని ఇండ్లల్ల.
చాటు లేదు
అని రాసుకునే గడి లేదు.

ఆ రాత్రి పెట్టెల నుంచి
నా పాత యూనిఫాం చీర తీసిన.
తెల్లారి నాలుగు కంది కట్టెలు,
రెండు సుతిలి తాళ్లు.
చేను ఒడ్డున, కాలువ పక్కన,
నిలబడితే తల కనవడేటంత ఎత్తు,
కూసుంటే ఎవ్వలికి కనవడనంత.
మేస్త్రి చూసి "గిదేం దుకాణమమ్మా" అన్నడు.
"సర్కారు దుకాణం" అన్న.
అబద్ధమే. చీర ఒక్కటే సర్కారుది.

మొదటి దినం ఎవ్వలు పోలే.
రెండో దినం ఒక పిల్ల పరికిణి పట్టుకోని ఉరికింది.
మూడో దినం సాలెంబడి సాలు,
నీళ్ల బిందె కాడికి పోయినట్టే,
దాచుకోకుంట.
మణెమ్మ చీర ఎనకనుంచి లేచొచ్చి, కుచ్చిళ్లు సర్దుకుంట
నా దిక్కు చూడకుంటనే అన్నది:
"గాలికి చినుగుతది. జర గట్టిది తే."

ఎనిమిదో నెల కార్డు మీద
ఎనిమిది పాయింట్ నాలుగు.
ఇంక తక్వనే. సూదులు కావాలె, పండుడు కావాలె,
దినాం ఒక గుడ్డు ఆమె పళ్లెంలకే రావాలె,
పిల్లల పళ్లెంలకు పోకుంట.
దవాఖాన మెట్ల మీద కూసోని
సైదమ్మ ఆ అంకె మీద వేలు పెట్టింది.
"పత్తి ఏడు దాటలేదు, అక్కా.
నేను దాటిన."